మిర్జగాయెవ్ అనేవాడు లేడు

జిడెలీ స్టేషన్లో ఉర్కియా నోట "తెమిర్" అన్న మాట ఎవరూ వినలేదు. మా మాటలో ఇనుముకి అదే పేరు. రైలు బాటని తెమిర్ జోల్ అంటాం, ఇనపబాట అని. ఇరవై ఏడేళ్ళు ఆ బాట మీద మంచు తీసి బతికిన మనిషి దాని పేరు ఒక్కసారీ పలకలేదు. "నల్లబాట" అనేది. గడ్డపార కావాలంటే "ఆ నల్లది ఇటివ్వు" అనేది. పెనానికి చిల్లు పడితే "నల్లదానికి కన్ను తెరుచుకుంది" అనేది. పనిలో కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు. పాతవాళ్ళు నవ్వేవాళ్ళు కాదు. వాళ్ళ ఇళ్ళలోనూ కోడళ్ళున్నారు.

ఉర్కియా మొగుడి అన్న పేరు తెమిర్గలి. అదీ సంగతి. మెట్టినింటి పెద్దల పేరు కోడలు పలకకూడదు. పేరే కాదు, పేరులో ఉన్న ముక్క కూడా నోట రాకూడదు. పెళ్ళైన వారంలోగా ఎవరిని ఏమని పిలవాలో కోడలే పేర్లు కట్టుకోవాలి. కట్టిన పేరు బాగుంటే పిల్ల తెలివైందంటారు, బాగోకపోతే పుట్టింటివాళ్ళని తిడతారు. పంతొమ్మిదేళ్ళ ఉర్కియా తలుపు సందులోంచి చూసింది. మొగుడి అన్న తోలు బూట్లేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పట్టాల పక్కన తీరుబడిగా నడిచి వస్తున్నాడు. "మిర్జాగా" అని పేరు పెట్టింది. మిర్జా అంటే దొర, అగా అంటే పెద్దాయన. అత్త మెచ్చుకుంది. తెమిర్గలి ఆ పేరు విని మీసం మీద చెయ్యేసుకున్నాడట. అప్పట్నుంచీ జిడెలీలో ఇంకో ముగ్గురు నలుగురు కోడళ్ళు కూడా అతన్ని అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు.

జిడెలీ అంటే చెట్టూ చేమా లేని మైదానం నడుమ పదకొండు ఇళ్ళు, ఒక నీళ్ళ ట్యాంకు, రెండు లైన్లు. మెయిన్ లైనొకటి, బళ్ళు తప్పుకోడానికి లూపు లైనొకటి. రెండు చివర్లా, లైన్లు విడిపోయేచోట, రెండు పాయింట్లు. తూర్పు పాయింటు ఉర్కియాది.

ఆ పని చూసినవాళ్ళకి చులకనే. చీపురూ పారా, అంతే గదా అంటారు. తుఫానులో చేసి చూడాలి. పాయింటు దగ్గర పక్కకి జరిగే పట్టాని నాలుక అంటారు. కేబిన్లో లివరు లాగితే అది వచ్చి అసలు పట్టాకి అతుక్కుని కూర్చోవాలి. మధ్యలో పిడికెడు మంచు ఇరుక్కుంటే నాలుక దాన్ని నొక్కి నొక్కి రాయి చేసేస్తుంది. అప్పుడు చక్రానికి రెండు దారులు కనిపిస్తాయి. ఉర్కియా చీపురుతో ఊడ్చి, రేకుతో గీకి, ఆఖర్న చేతితొడుగు తీసేసి బొటనవేలి గోరు పెట్టి చూసేది. గోరు దూరిందా, మళ్ళీ మొదలు. ఆమె ఊడ్చి వెనక్కి తిరిగేలోపు గాలి సగం నింపేది. అలా గంటలకి గంటలు. చలికాలం అంతా ఆ గోరు నల్లగా కమిలే ఉండేది.

మొగుడు కబ్దెన్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. ఇంట్లో అత్త కాలిమాన్ ఒక్కతే, ఎనభైకి దగ్గర పడిన మనిషి. పెద్ద కోడలితో పడక చిన్న కోడలి దగ్గరే ఉండిపోయింది. రెండు గదుల క్వార్టరు, గోడకి సున్నం, కిటికీ కింద బొగ్గుల కొట్టు. పాయింటు పనికి ఇచ్చిన క్వార్టరు అది. పని ఉన్నన్నాళ్ళే నెత్తిన కప్పు. ఉర్కియా ఆ సంగతి ఏ రోజూ మర్చిపోలేదు. ఇరవై ఏడేళ్ళలో ఒక్క మాట పడలేదు.

డెబ్బై తొమ్మిది ఫిబ్రవరిలో తుఫాను పట్టుకుంది. మొదటి రోజు నీళ్ళ ట్యాంకు కనబడకుండా పోయింది. రెండో రోజు ఇంటికీ ఇంటికీ మధ్య తాడు కట్టుకుని నడిచారు. పట్టాల వెంట మంచుకి అడ్డంగా నిలబెట్టిన తడికెలు పైఅంచు దాకా కూరుకుపోయాయి. మూడో రోజు మధ్యాహ్నానికి గాలి కాస్త తగ్గినట్టే తగ్గి, మంచు మాత్రం నేల మీద పాములా పారుతోంది. ఉర్కియా పాయింటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గీకుతోంది. వెనక తోలు బూట్ల చప్పుడైంది.

తెమిర్గలి ఇప్పుడు పట్టాల పని చేసే గ్యాంగుకి మేస్త్రీ. పదిహేనేళ్ళయి మేస్త్రీనే.

"మరదలా, చీపురు అక్కడ పెట్టి రా. దొడ్డి కప్పు మీదికి మంచెక్కింది. గొర్రెలు లోపల ఊపిరాడక చస్తున్నాయి."

"పాయింటో, మిర్జాగా?"

"సాయంత్రం దాకా బండి లేదు. తూర్పు వైపు ఎవరూ లేరని కేబిన్లో నే చెప్తాలే. రెండు గంటల పని."

"పోతూ పోతూ నేను చెప్పిపోనా?"

"నేను చెప్తానన్నాక మళ్ళీ నువ్వెందుకు? నా మాటకి ఆ మాత్రం విలువ లేదా ఏంటి?"

మొగుడి అన్న, పైగా మేస్త్రీ. ఒకే మెడ మీద రెండు కాడులు. ఉర్కియా చీపురు మంచులో గుచ్చి లేచింది.

దొడ్డి దగ్గర అప్పటికే నలుగురున్నారు. పక్కింటి జుపార్, ఆమె మొగుడు సపార్, ఇంకో ఇద్దరు గ్యాంగువాళ్ళు. నడుము లోతు మంచు. పారతో కోసి, దిమ్మెలు ఎత్తి అవతల పడేస్తున్నారు.

"అక్కా, వచ్చావా?" అంది జుపార్. "ఇవాళ్టి పని పట్టీలో ఈ గొర్రెల్ని లైను మీద ఎన్నో కిలోమీటరు కింద రాస్తారో మేస్త్రీగారిని అడుగు."

"నోరు మూసుకుని తవ్వు," అన్నాడు సపార్. "ఎండాకాలం కోస్తే నీకూ ఓ బొమిక పడేస్తాడు."

"పోయినేడూ అదే అన్నావు. బొమికా లేదు, దాని వాసనా లేదు."

నవ్వుకున్నారు. రెండు గంటలన్నది మూడైంది. కప్పు చీల్చి, లోపల్నుంచి గొర్రెల్ని ఒక్కొక్కటే చెవులు పట్టి లాగారు. ఆవిరి కక్కుతూ వచ్చాయి. నాలుగు చచ్చాయి, మిగతావి బతికాయి. తెమిర్గలి వాటి మూతులు తుడుస్తూ ఉండిపోయాడు. కేబిన్ వైపు అడుగు వెయ్యలేదు. ఉర్కియా అది చూసింది. ముందే వెళ్ళి చెప్పి వచ్చాడనుకుంది.

వెనక్కి వెళ్తుంటే తూర్పు చివర ఏదో అడ్డంగా పెద్దగా కనిపించింది. ఇంకా నాలుగడుగులేస్తే తెలిసింది, మంచు తీసే బండి. సాయంత్రం రావలసింది, లైను తొందరగా తెరవాలని ముందే పంపించారు. కేబిన్లో లివరు లాగితే తీగ కదిలింది, నాలుక పూర్తిగా రాలేదు. ముందు చక్రాలు ఒక దారిన, వెనక చక్రాలు ఒక దారిన. బండి పక్కకి ఒరిగి, దాని రెక్క ఒకటి ఆకాశంలోకి లేచి ఉంది. డ్రైవరు మెట్ల మీద కూర్చుని విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, తనది కానట్టు చూసుకుంటున్నాడు. ఆమె గుచ్చిన చీపురు గుచ్చినచోటే ఉంది.

లైను పద్నాలుగు గంటలు మూతపడింది. వెనక పాసింజరు బండి ఒకటి నడి మైదానంలో ఆగిపోయింది. పెట్టెల్లో బొగ్గు అయిపోతే జనం బల్లలు విరిచి కాల్చుకున్నారట. పిల్లలు కాళ్ళు చలికి కొయ్యబారి ఆస్పత్రి పాలయ్యారు. చచ్చినవాళ్ళు లేరు. అంతవరకూ దేవుడి దయ.

బండి పడిన నాలుగో రోజుకి విచారణవాళ్ళు వస్తారని కబురొచ్చింది. ఉర్కియా జరిగింది రాసివ్వాలి. వాళ్ళొచ్చే ముందు రోజు తెమిర్గలి ఆమె ఇంటికొచ్చాడు. తల్లి పక్కన కూర్చుని పాలటీ తాగాడు, ఎండు పెరుగు ఉండ ఒకటి బుగ్గన పెట్టుకున్నాడు.

"భయపడకు మరదలా. జరిగింది జరిగినట్టు రాయి. నేను పిలిచానని రాయి. నేనేం కాదంటానా?"

"ఉద్యోగం పోతుందేమో మిర్జాగా. ఇల్లు..."

"రాయమన్నాను గదా."

ఉర్కియాకి గుండె కుదుటపడింది. ఆమె చదువు ఆరో తరగతితో ఆగింది. బల్ల ముందు కూర్చుని పెన్సిలు నాలిక్కి తడుపుకుంటూ రాసింది. పాయింటు ఊడుస్తుంటే మిర్జాగా వచ్చి దొడ్డి తవ్వడానికి రమ్మన్నారు, కేబిన్లో తాను చెప్తానన్నారు, అందుకని వెళ్ళాను. కింద సంతకం. జుపార్ వచ్చి భుజం మీంచి చదివింది.

"అక్కా, ఇక్కడ అసలు పేరు రాయాలేమో?"

"రాశాను గదా."

"ఇది పేరా?"

"జిడెలీలో కుక్కనడిగినా చెబుతుంది ఇదెవరి పేరో."

"కుక్కలు విచారణకి రావుగా," అంది జుపార్. అంతకంటే గట్టిగా చెప్పలేదు. సపార్‌ది మేస్త్రీ కింద పని.

విచారణకి వచ్చిన ఆఫీసరు సవేల్యెవ్ రష్యన్ మనిషి. చెడ్డవాడు కాదు. పంటి నొప్పితో చెంపకి మఫ్లరు చుట్టుకుని, రెండు రాత్రుళ్ళు నిద్ర లేని కళ్ళతో వచ్చాడు. కూడా గుమాస్తా కదిర్. పేరుకి మనవాడే గానీ పట్నంలో హాస్టల్లో పెరిగినవాడు, మన మాట వచ్చీ రానట్టు వచ్చు. ఉర్కియా కాగితాన్ని రష్యన్లోకి మార్చి రాసింది అతనే. "మిర్జాగా" అన్నచోట ఇంటిపేరనుకుని, రష్యన్ పద్ధతి ప్రకారం చివర తోక తగిలించి "మిర్జగాయెవ్" అని రాసిపెట్టాడు.

క్లబ్బు గదిలో బల్లలేసి జిడెలీ అంతటినీ కూర్చోబెట్టారు. సవేల్యెవ్ హాజరు పట్టీ మూడుసార్లు తిరగేశాడు. పక్క స్టేషన్లకి తంతి కూడా కొట్టించాడు. అక్కడా మిర్జగాయెవ్ లేడన్నారు.

"ఎవరమ్మా ఈ మిర్జగాయెవ్?" అన్నాడు.

కదిర్ అదే మాట మనమాటలో అడిగాడు.

"ఆయనెవరో నాకు తెలీదు," అంది ఉర్కియా.

"నువ్వే రాశావు గదక్కా. ఆయన పిలిస్తే పాయింటు వదిలి వెళ్ళానని."

"నేను మిర్జాగా అని రాశాను."

"అదే. మిర్జగాయెవ్."

ముందు బల్ల మీద తెమిర్గలి కూర్చుని ఉన్నాడు. తోడేలు తోలు టోపీ మోకాలి మీద పెట్టుకుని దాని బొచ్చు ఒకవైపు దువ్వుతున్నాడు. ఉర్కియా అతనికేసి చూసింది. ఇప్పుడు లేచి "నేనేనండీ" అంటాడనుకుంది. టోపీని ఇటు తిప్పి రెండో వైపు దువ్వాడు.

"మేస్త్రీగారూ," అన్నాడు సవేల్యెవ్, "మీ గ్యాంగులో మిర్జగాయెవ్ ఉన్నాడా?"

"లేడండీ. ఆ పేరు గలవాడు జిడెలీలోనే లేడు."

"మీ దొడ్డి తవ్వారటగా ఆ రోజు?"

"తవ్వామండీ. ఇరుగుపొరుగువాళ్ళు భోజనం వేళ సాయం పట్టారు. ఎవరిష్టాన వాళ్ళొచ్చారు. పాయింటు వదిలి రమ్మని నేను చెప్పానని ఆవిడేమైనా రాసిందా?"

"మిర్జగాయెవ్ చెప్పాడని రాసింది."

"అయితే ఆయన్నే అడగాలి మరి," అన్నాడు తెమిర్గలి.

పేరు గురించి అన్నదాంట్లో అబద్ధం అనడానికి ఒక్క ముక్క లేదు. అందరం విన్నాం. సపార్ బూటు ముక్కు చూసుకున్నాడు. జుపార్ శాలువా అంచు పీక్కుంది. ఉర్కియాకి అప్పుడు తెలిసింది, నిన్న టీ తాగుతూ "రాయి, రాయి" అని అంత ధైర్యంగా ఎందుకన్నాడో. ఆమె ఏ పేరు రాస్తుందో ఆయనకి ముందే తెలుసు. ఇరవై ఏడేళ్ళుగా తెలుసు.

సవేల్యెవ్ చెంప నొక్కుకున్నాడు. "ఆయన అసలు పేరు చెప్పమ్మా. పూర్తి పేరు."

"నేను పలకకూడదు."

"ఎవరు పలకొద్దన్నారు? బెదిరించారా?"

"ఎవరూ అనలేదు. పెళ్ళైనప్పట్నుంచీ ఉన్నదే."

సవేల్యెవ్ గుమాస్తా వైపు తిరిగాడు. కదిర్‌కి సంగతి లీలగా తెలుసు, చెప్పడానికి సిగ్గేసింది. "ఏదో పాతకాలం నమ్మకమండీ. మతం లాంటిదే," అన్నాడు. మతం అనగానే సవేల్యెవ్ మొహం ముడుచుకుంది. కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"పోనీ, చేత్తో చూపించు."

పెద్దవాళ్ళ మీదికి వేలెత్తడం ఇంకా తప్పు. ఉర్కియా కళ్ళతో చూపించింది. తెమిర్గలి తల మీదుగా గోడకి ప్రభుత్వ పెద్దాయన పటం వేలాడుతోంది. సవేల్యెవ్ ఆ పటాన్ని చూసి, దగ్గి, "భోజనం చేసి మళ్ళీ కూర్చుందాం," అన్నాడు.

ఇంటికి వస్తే అత్త కాలిమాన్ మంచం మీద కూర్చుని తలగుడ్డ సరిచేసుకుంటోంది. అప్పటికే ఎవరో మోసుకొచ్చి చెప్పారు.

"చెప్పేస్తావా?"

"ఇల్లు పోతుందత్తా. నన్ను తీసేసి, ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. నువ్వూ నేనూ ఎక్కడుంటాం?"

"ఆ పేరు ఎలా పెట్టానో తెలుసా నీకు? అంతకుముందు ముగ్గురు కరువులో పోయారు. పేరు పెట్టేలోపే ఒకడు, నడక రాకుండా ఇద్దరు. నాలుగోవాడు పుడితే మా అత్త అంది, వీడికి ఇనుము పేరు పెట్టు, వీణ్ణి ఆకలి కొరకలేదు అని. నా నోటితో పెట్టాను. దాన్ని నీ నోటితో నేర కాగితం మీదికి తోస్తావా?"

"ఆయనే నన్ను తోశాడు గదత్తా."

"మగవాడికి భయం వేసింది. వేస్తుంది. నువ్వు కోడలివి."

"కోడలికి కప్పు అక్కర్లేదా?"

"కప్పు పోతే కప్పొస్తుంది."

"ఎవరిస్తారు?"

"వాడే ఇస్తాడు," అంది ముసలామె. "వాడు నా కొడుకు. నాకు తెలీదా?"

ఆరేళ్ళుగా ఆ ముసలామె కాళ్ళు కడిగి, జడ వేసి, దొడ్డికి ఎత్తుకుపోయింది ఉర్కియా. ఇవాళ తిండి పెట్టడానికి చెయ్యి లేవలేదు. అయినా పెట్టింది. నూడిల్సూ రెండు మాంసం ముక్కలూ గిన్నెలో వేసి ముందుంచి, తాను తినకుండా క్లబ్బుకి నడిచింది. దారిలో నిర్ణయించుకుంది. చెప్పేస్తుంది. నోరు కుళ్ళితే కుళ్ళుతుంది. పుట్టింటివాళ్ళు బతికుంటేగా తిట్టు తగలడానికి.

సవేల్యెవ్ కుర్చీలో కూర్చోకముందే లేచి నిలబడింది.

"చెప్తాను," అంది.

జుపార్ కళ్ళు మూసుకుంది. తెమిర్గలి చెయ్యి టోపీ మీద ఆగింది.

"తెమిర్..." అంది ఉర్కియా.

అక్కడ ఆగిపోయింది. ఇరవై ఏడేళ్ళు వాడని మాట అది, నోట్లో దాన్ని ఎటు తిప్పాలో తెలియలేదు. పెదాలు కదిలాయి, మిగతా సగం రాలేదు.

"తెమిర్?" అన్నాడు కదిర్. అతని మొహం వెలిగింది, ఈ మాట తనకి బాగా వచ్చు. "తెమిర్ జోల్ అంటోందండీ. ఇనపబాట. రైల్వే పిలిస్తే వెళ్ళానంటోంది."

"రైల్వే పిలిచిందా?" అన్నాడు సవేల్యెవ్. "గొర్రెల కోసమా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ముందు సపార్. తర్వాత ఆ పక్కవాడు. మూడు రోజులు మంచులో బిగుసుకున్న మనుషులు, నవ్వు దొరికితే ఆగుతారా? గది గదంతా నవ్వింది. ఆ సగం పేరు ఎవరిదో తెలిసినవాళ్ళే నవ్వారు. జుపార్ కూడా శాలువా నోటికడ్డం పెట్టుకుంది. ఉర్కియా ఆ నవ్వు తగ్గేదాకా నిలబడింది. తగ్గేసరికి మిగతా సగం మాట గొంతులోంచి కిందికి దిగిపోయింది. కూర్చుంది.

నవ్వనివాడు తెమిర్గలి ఒక్కడే. అతను లేచాడు.

"అయ్యా, ఈవిడ పోయిన మా తమ్ముడి భార్య. వాడు పోయాక మనిషి ఇలాగే ఉంది. ఏదో అంటుంది, దేన్నో పట్టుకుంటుంది. కోర్టులదాకా వద్దండీ. ఒంటరి ఆడది. ఆమె బరువు నేను మోస్తాను. పెద్ద మనసు చేసుకోండి."

సవేల్యెవ్ మనసు కరిగింది. నిజంగానే కరిగింది. లేచి వచ్చి తెమిర్గలితో చెయ్యి కలిపాడు. మీలాంటివాళ్ళుండబట్టే లైను నడుస్తోందన్నాడు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. స్టేషను తలుపు పక్కన అంటించారు. పని వదిలి వెళ్ళినందుకూ, లేని మనిషి మిర్జగాయెవ్ పేరు చెప్పి విచారణని తప్పుదారి పట్టించినందుకూ ఉర్కియాని పాయింటు పని నుంచి తీసేశారు. మేస్త్రీ విన్నపం మీద కేసు పెట్టలేదు. మంచు తీసే రోజుకూలీగా ఉంచారు. క్వార్టరు పది రోజుల్లో ఖాళీ చెయ్యాలి. పాయింటూ క్వార్టరూ జుపార్‌కి రాశారు.

జుపార్ వచ్చి గుమ్మంలో నిలబడింది. "నేను అడగలేదక్కా," అంది.

"పాయింటుకి చీపురు కొత్తది కట్టుకో. పాతది పుల్లలు ఊడుతోంది," అంది ఉర్కియా. లోపలికి మాత్రం రమ్మనలేదు.

ఆ పేరు మాత్రం లైను పొడుగునా పాకింది. పార విరిగితే మిర్జగాయెవ్ విరిచాడనేవాళ్ళు. బొగ్గు బండి ఆలస్యమైతే మిర్జగాయెవ్ నిద్రపోయాడు కాబోలనేవాళ్ళు. ఎక్కడో నాలుగు స్టేషన్ల అవతల, ఉర్కియా ఎవరో తెలియనివాళ్ళు కూడా ఆ మాట వాడారు. తెమిర్గలి దగ్గర ఎవరూ అనేవాళ్ళు కాదు. ఒకసారి ఎవరో తెలియక అంటే చెంప మీద కొట్టాడట. దానివల్ల ఉర్కియాకి ఒరిగింది లేదు.

కప్పు తెమిర్గలే ఇచ్చాడు, ముసలామె చెప్పినట్టే. అతని ఇంటి వెనక, దూడల్ని కట్టే గది. సున్నం కొట్టించి, పొయ్యి పెట్టించాడు. జిడెలీ అంతా మెచ్చుకుంది. మరదల్ని రోడ్డున వదలని మనిషి అన్నారు. తల్లి ముందు గదిలో కొడుకు పక్కన చేరింది.

"ఇన్నాళ్ళకి అందరం ఒకే ఇంట్లో ఉన్నాం," అంది ముసలామె మొదటి సాయంత్రం. "ఏం జరిగినా మంచికే జరిగింది."

టీ పొయ్యడం ఉర్కియా వంతు వచ్చింది. చిన్న కోడలు గదా. తెమిర్గలి గిన్నె ఖాళీ చేసి చెయ్యి చాపాడు. ఆమె పోసి, అతని ముందు బల్ల గుడ్డ మీద పెట్టింది. చేతికివ్వలేదు, పిలవలేదు.

"పిలిచి ఇవ్వు," అంది అత్త. "కుక్కకి పెట్టినట్టు పెట్టకు."

"ఎవరని పిలవనత్తా? నాకు తెలిసిన పేరుగలవాడు లేడని గోడకి రాసి అంటించారు."

తెమిర్గలి గట్టిగా నవ్వాడు. మనస్ఫూర్తిగా నవ్వాడు, కళ్ళలో నీళ్ళొచ్చాయి. "మా మరదలి నాలుక చూశారా," అన్నాడు భార్యతో. "పదునెక్కింది." భార్య నవ్వింది, ముసలామె నవ్వింది. మర్నాటికి ఆ మాట కూడా జిడెలీ చుట్టి వచ్చింది. ఉర్కియా భలే అందట, మేస్త్రీ భలే నవ్వాడట అని. గడ్డపారతో కొట్టినట్టు కొట్టాననుకుంది ఆమె. తగిలింది మెత్తటి ఉన్ని మూటకి.

రోజుకూలీకి మంచు పడిన రోజే పని. పొద్దున ఆరింటికి పార పట్టుకుని స్టేషను గుమ్మం దగ్గర నిలబడాలి. మంచుంటే పేరు రాసుకుంటారు, లేకపోతే ఇంటికి పొమ్మంటారు. మార్చి మొదట్లో రెండు తుఫాన్లొచ్చాయి. తడికెలు తవ్వి తీసి మళ్ళీ పాతింది, గుట్టని కోసి పట్టాలేసిన చోట మెడ లోతు మంచు కోసింది. ఆ పూటలు కాస్త తిండీ బొగ్గూ తన చేతులతో తెచ్చుకుంది, బావ ఇంట్లో చెయ్యి చాపలేదు. తర్వాత ఆకాశం విచ్చింది. కప్పుల అంచుల నుంచి నీళ్ళు కారాయి. జనం కిటికీలు తెరిచి పరుపులు బయట ఆరేశారు. ఒకరినొకరు చూసుకుని, ఈ ఏడు గట్టెక్కాం అనుకున్నారు.

అలాంటి ఒక ఉదయం స్టేషను గుమాస్తా ఆమెను చూసి, "ఇంకేం మంచమ్మా, వెళ్ళి పడుకో," అన్నాడు.

ఉర్కియా వెళ్ళలేదు. ఏ తుఫానైనా జిడెలీకి పడమటి నుంచే వస్తుంది. ప్లాట్‌ఫారం చివరికి నడిచి, పార ఆనించుకుని, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని అటు చూసింది. మబ్బు తునక లేదు. ఇంకాసేపు నిలబడి చూసింది.